అప్ప అడ్డపొగ, నేను కడిగిన ట్యాంకు

ఏ విషయమైనా రాసేముందు అది ఎందుకు రాయవలసి వచ్చిందో చెప్పడం నా అలవాటు. మా అప్ప మరణం గురించి బంధువులలో రెండు మాటలు ప్రచారంలో ఉన్నాయి. నేను తెచ్చియిచ్చిన ఆవిరి యంత్రమే ఆమె నోటిని పాడుచేసిందనేది ఒకటి. తమ్ముడు చేయవలసినదంతా చేశాడు, ఆమె రాత అంతేననేది రెండవది. మొదటి మాట అనేవారు నా ఎదుట అనరు. రెండవ మాట అనేవారు నా భుజం మీద చేయి వేసి మరీ అంటారు. రెండూ తప్పే. నన్ను ఎక్కువగా బాధించేది రెండవదే. అందుచేత జరిగినది జరిగిన వరుసలో, నా జ్ఞాపకం సహకరించినంతవరకు, ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

మా వైపు అక్కను అప్ప అంటాము. ఆమె నాకన్న పదకొండేళ్లు పెద్ద. నాకు నాలుగో యేట అమ్మ పోయింది. అప్పటినుంచి నాకు తలంటినది, అన్నం కలిపి పెట్టినది, చెవి మెలివేసి బడిలో కూర్చోబెట్టినది ఆమే. తాను మాత్రం బడి గుమ్మం ఎక్కలేదు. రాజాం దగ్గరి పల్లెలో ఆమె అత్తవారిల్లు. నేను చదువుకుని భౌతికశాస్త్రం బోధించి, ప్రధానోపాధ్యాయుడినై, పదవీ విరమణ చేసి బొబ్బిలిలో స్థిరపడ్డాను. ముప్పయ్యేళ్లపాటు నన్ను అందరూ గారు అనే పిలిచారు. ఒరే అనే హక్కు లోకంలో ఒక్క మనిషికే ఉండేది.

అడ్డపొగ అంటే ఏమిటో తెలియని పాఠకులకు చెప్పాలి. మా శ్రీకాకుళం, విజయనగరం పల్లెలలో పెద్దవయసు ఆడవారు కొందరు చుట్టను తిరగేసి తాగుతారు. నిప్పున్న కొస నోటిలోపల ఉంటుంది, రెండవ కొస పెదవుల బయట ఉంటుంది. నిప్పు నాలుకకు తగలకుండా, ఆరిపోకుండా నిలపడం చిన్ననాటినుంచి నేర్చిన విద్య. తూర్పుగాలికీ, ముసురుకీ ఆ నిప్పు ఆరదు. ఊడ్పుల్లో వంగినవారికి రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఒక చుట్ట చాలాసేపు వస్తుంది. కొన్నాళ్లకు పొగకన్న ఆ వేడే ముఖ్యమవుతుంది. మా అప్ప పదిహేనో యేట మొదలుపెట్టింది. చుట్ట నోట్లో ఉండగానే మాట్లాడేది, తిట్టేది, పాడేది.

నేను ఉద్యోగం విరమించిన మరుసటి యేడు, నేను పనిచేసిన బడిలో దంతవైద్య శిబిరం పెట్టారు. దవడపన్ను నొప్పి అంటున్నదని అప్పను పిలిపించాను. డాక్టరు చిన్నవయసు అమ్మాయి. పన్ను చూసి, తరువాత చిన్న అద్దం తిప్పి అంగిలి మీద లైటు వేసి చాలాసేపు చూసింది.

“పన్ను సూడమంటే ఇంటి కప్పు సూస్తన్నావేటే అమ్మా? ఎక్కడైనా కారతన్నాదేటి?” అంది అప్ప, నోరు మూయడానికి అనుమతి దొరకగానే.

చుట్టూ ఉన్నవారు నవ్వారు. డాక్టరు కూడా నవ్వింది, కాని నన్ను పక్కకు పిలిచినప్పుడు ఆమె ముఖంలో నవ్వు లేదు. అంగిలి తెల్లగా మందమై ఉన్నదనీ, మధ్యలో ఎర్రని చుక్కలున్నాయనీ, ఇప్పటికి పుండు లేదనీ, నిప్పు ఆపితే చాలామందిలో తగ్గుతుందనీ, ఆపకపోతే కేన్సరుగా మారవచ్చుననీ చెప్పింది. తరువాత రెండు ఆదేశాలిచ్చింది. చుట్ట మానిపించాలి. మూడు నెలలకొకసారి తీసుకువచ్చి తనకు చూపించాలి.

“మానేసినా సరే, చూపించాలి మేష్టారూ. అది మరిచిపోకండి,” అంది.

రెండింటినీ నా పుస్తకంలో రాసుకున్నాను. ఆ పుట ఇప్పటికీ ఉంది. అక్షరాలు కుదురుగానే ఉన్నాయి.

మాన్పించడానికి ముందు లవంగాలిచ్చాను, తరువాత యాలకులు, ఆ తరువాత మందుల దుకాణంలో దొరికే నమిలే బిళ్లలు. అప్ప ప్రతిదానికీ నాలుగు రోజులు విలువిచ్చి అయిదో రోజున తిరిగి చుట్ట వెలిగించేది.

“నిప్పు లేపోతే నోరు సల్లబడిపోతాదిరా. సచ్చినోళ్ల నోరులాగుంటాది. నీకేటి తెలుస్తాది, నువ్వు కాఫీ తాగే మనిషివి.”

“డాక్టరు చెప్పింది విన్నావు కదా అప్పా.”

“ఇన్నాను. ఆ పిల్ల నోట్లో ఇంకా పాలపళ్లే ఉన్నాయిరా. అదేటి సెప్తాది నాకు!”

అటువంటి రోజులలోనే రాజాంలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే నా పూర్వవిద్యార్థి ఒకడు ఈ-సిగరెట్టు అనే ఆ ఆవిరి యంత్రం సంగతి చెప్పాడు. చదువుకునే రోజుల్లో వెనుక బల్ల మీద కూర్చునేవాడు, ఇప్పుడు తల సగం నెరిసిన గృహస్థుడు. తానే దానితో సిగరెట్లు మానానన్నాడు. అప్పటికి దేశంలో దానిమీద నిషేధం రాలేదు, ఈనాడు ఉన్నది. కనుక ఇక్కడ నేను రాసే పద్ధతి ఎవరూ ఆచరించడానికి కాదు. నేను ఏ పనిలో మునిగి ఏ పని మరిచానో తెలియడానికి మాత్రమే.

“మేష్టారూ, మీరు సైన్సు సెప్పినోరు, మీకు నానేటి సెప్పేది,” అంటూనే గంటసేపు చెప్పాడు. నేను కాగితం మీద రాసుకున్నాను. వాడు మురిసిపోయాడు. “నా మాట మీరు నోట్సు రాసుకుంటన్నారు! మా ఆవిడికి ఫొటో తీసి పంపించీమంటారేటి?”

యంత్రంలో ముఖ్యమైనది ట్యాంకు. వేలెడు ఎత్తు గాజు గొట్టం, నడుమ సన్నని లోహపు నాళం, దాని అడుగున కాయిల్. కాయిల్ అంటే దూది చుట్టూ తిరిగిన తీగ. గాజులో పోసిన ద్రవం దూదిలోకి ఇంకుతుంది; కింది బ్యాటరీ తీగను వేడిచేస్తుంది; ద్రవం ఆవిరై నాళంలోంచి పైనున్న మూతిగొట్టంలోకి వస్తుంది. ఇంతే సూత్రం. కొత్త కాయిల్ బిగించేముందు దూది మీద నాలుగు చుక్కలు వేసి తడపాలి. ట్యాంకు నింపాక పది నిమిషాలు కదపకుండా నిలబెట్టాలి. ఎండు దూది మీద తీగ వేడెక్కితే ఒక్క క్షణంలో మాడుతుంది, ఆ మాడు రుచి ఇక పోదు. ద్రవాన్ని గాజు గోడ వెంబడి జారనిచ్చి పోయాలి, నడిమి నాళంలో పడనీయకూడదు. పైన కొంచెం గాలికి చోటు వదలాలి. మరలను వేళ్లతో బిగించాలి, బలం చూపకూడదు. రబ్బరు వలయం నలిగితే కారుతుంది. పీల్చేటప్పుడు నెమ్మదిగా, పొడుగ్గా పీల్చి, రెండు పీల్పుల మధ్య విరామం ఇవ్వాలి. వారానికొకసారి విప్పి గోరువెచ్చని నీటితో కడిగి, పూర్తిగా ఆరిన తరువాతే మళ్లీ కూర్చాలి. కాయిల్‌ను మాత్రం కడగకూడదు, మార్చాలి. ద్రవంలో నికోటిన్ ఉంటుంది కనుక చేతికంటితే వెంటనే కడుక్కోవాలి, పిల్లలకు అందనీయకూడదు.

ఇదంతా నేను గుండ్రని అక్షరాలతో ఒక అట్టమీద రాసి పెట్టె మూతకు అంటించాను. చదవలేని మనిషి కోసం పద్ధతులు రాసి అంటించానన్న సంగతి ఆనాడు నాకు తోచలేదు.

అప్ప దానిని చేతిలోకి తీసుకుని వెలుగుకు పట్టి చూసింది.

“ఇదేటిరా, కిరసనాయిలు బుడ్డిలాగున్నాది. ఒత్తి ఎక్కడ?”

“లోపల ఉంది. దూది.”

“నిప్పో?”

“నిప్పు లేదు. అదే దీని గొప్ప.”

“నిప్పు లేని బుడ్డి గొప్పేటిరా!” అని కోడలివైపు తిరిగి, “ఒసే, నీ మావయ్య దీపంలేని దీపం తెచ్చినాడే, సూడు,” అంది.

ఆనాటినుంచి దానిపేరు ఆ ఇంట్లో బుడ్డి అయింది.

మొదటిసారి పీల్చమన్నప్పుడు ఆమె చేసినది మా ప్రాంతపు ఆడవారు తప్ప మరెవరూ చేయరు. మూతిగొట్టం పెదవుల మధ్య పెట్టుకోవలసినది, వెచ్చగా ఉన్న వైపు అదే కదా అని, మూతిగొట్టంతో సహా ట్యాంకు పైసగమంతా నోటిలోపలికి పెట్టుకుని, గాజు నడుము చుట్టూ పెదవులు మూసింది. వేడి ఎటుంటే అటు లోపల. యాభై ఏళ్లకు పైబడిన పద్ధతి. ఉమ్మి నాళంలోకి దిగింది, గాలి దారి మూసుకుంది, ఆవిరి రాలేదు. ఆమె మరింత గట్టిగా పీల్చింది. ద్రవం నాలుక మీదికి వచ్చింది. చేదు ముఖం పెట్టి ఉమ్మేసి, నన్ను ఒక మాట అన్నది. దానిని ఇక్కడ రాయను.

నేను కోప్పడ్డాను. పద్ధతి ప్రకారం చెప్పినట్టు చేస్తే ఎందుకు రాదు అన్నాను. ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పినట్టు మూడుసార్లు చూపించాను. ఆమె నా కోపం చూసి, పెదవులు చిన్నవి చేసి, ఆ గొట్టాన్ని కొసన పట్టుకుని పీల్చింది. తెల్లని ఆవిరి వచ్చింది. ముక్కులోంచి వదిలి, “బాగున్నాదిరా, మబ్బు తాగినట్టున్నాది. కడుపు నిండదు,” అంది.

అయినా మొదటి రెండు నెలలు నిజాయితీగానే ప్రయత్నించింది. ఆ సంగతి కాయిళ్లే చెప్పాయి. నేను ప్రతి ఆదివారం బొబ్బిలిలో పొద్దుటి బస్సెక్కి రాజాంలో దిగి, అక్కడినుంచి ఆటోలో వెళ్లేవాడిని. వెళ్లగానే అరుగు మీద తెల్లగుడ్డ పరిచి ట్యాంకు విప్పేవాడిని. ఆమె వేడికోసం విరామం లేకుండా పీల్చడం వల్ల దూది పదిరోజులకే నల్లబడేది. నేను మందలించేవాడిని. కాయిల్ ఏ తేదీన మార్చానో, దూది రంగు ఎలా ఉన్నదో పుస్తకంలో రాసేవాడిని. అంతకుముందు నేను ఆ ఊరికి యేడాదికి మూడుసార్లు వెళ్లినట్టు గుర్తు. ఏదో పెళ్లో, పురుడో ఉంటేనే. ఇప్పుడు ప్రతి ఆదివారం. అప్ప ఆ రోజున నాకోసం నువ్వులు దంచి వంకాయ కూర చేసేది. నేను గాజు తుడుస్తుంటే ఎదురుగా కూర్చుని ఊరి కబుర్లు చెప్పేది. నేను సగమే వినేవాడిని.

మూడవ నెలనుంచి ఒక మార్పు కనిపించింది. కాయిళ్లు ఎక్కువకాలం రాసాగాయి. మూడు వారాలు, తరువాత నెల. దూది తెల్లగా ఉండేది. గాజులో ద్రవం కొద్దికొద్దిగానే తగ్గేది. ఆమెకు పీల్చే పద్ధతి పట్టుబడిందనీ, చుట్టమీద కోరిక తగ్గినట్టే దీనిమీదా తగ్గుతున్నదనీ నేను నిర్ణయానికి వచ్చాను. రాజాం దుకాణంలో ఆ మాట చెబితే నా విద్యార్థి చేతులు జోడించాడు. “మేష్టారూ, నాకు కాయిలు పదిరోజులు రాదు. నాకూ ఒకసారి ట్యూషను సెప్పండి.” నేను గర్వపడ్డాను. ఆ మాట దాచడంలో అర్థం లేదు.

డాక్టరుకు చూపించడానికి మూడు నెలల గడువు ఆ నెలలోనే వచ్చింది. చుట్ట మానేసింది కదా, కాస్త ఆగి తీసుకువెళదాం అనుకున్నాను. “మానేసినా సరే” అన్న మాట నా పుస్తకంలోనే ఉంది. ప్రతి ఆదివారం ఆ పుస్తకం తెరుస్తూనే ఉన్నాను, కాయిల్ తేదీ రాయడానికి.

ఇక నేను ముఖ్యంగా చెప్పవలసిన మూడు ఆదివారాల సంగతి.

మొదటి ఆదివారం భోజనాల వేళ అప్ప తన విస్తట్లో పచ్చిమిరపకాయ తీసి పక్కన పెట్టింది. ఆమె కారం మనిషి. “ఏమయింది?” అన్నాను.

“నోరు మండతన్నాదిరా. కారం తగిల్తే సురుక్కుమంటన్నాది.”

నేను వెంటనే లేచి చేయి కడుక్కుని ట్యాంకు విప్పాను. దూది మాడి ఉంటుందనుకున్నాను. మాడలేదు. అయినా కాయిల్ మార్చాను. “ఇక మండదు,” అన్నాను.

“సర్లే,” అంది అప్ప.

మరి రెండు మూడు వారాలకు ఇంకొకసారి అంది. ఈసారి ద్రవంలో పుదీనా వాసన ఎక్కువైందనుకున్నాను. రాజాం వెళ్లి వాసన లేని రకం తెచ్చాను. పాతదంతా పారబోసి, గాజును రెండుసార్లు కడిగి, కొత్తది పోశాను. ఆమె నా పని ముగిసేదాకా చూసి, “నీకు అలుపు రాదేట్రా?” అంది.

మూడవసారి వేడి గంజి తాగుతూ గిన్నె దించేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను బ్యాటరీ శక్తిని తగ్గించి పెట్టాను. అప్పుడు వాకిట్లో ధాన్యం ఎండబోస్తున్న ఆమె కోడలు లోపలికి వచ్చి నిలబడింది. మా మేనల్లుడు జూటుమిల్లులో షిఫ్టు పని చేస్తాడు; ఇల్లంతా ఆ అమ్మాయి చేతిమీదే నడిచేది.

“మావయ్యా, అది బుడ్డి వల్ల కాదు గానీ...” అని మొదలుపెట్టింది.

“నీకు దీని సంగతి తెలుసా అమ్మా?” అన్నాను.

“తెల్దు మావయ్యా.”

“తెలియనప్పుడు తెలిసినవాళ్లను చేయనివ్వాలి.”

అప్ప ఆ అమ్మాయివైపు ఒక చూపు చూసింది. ఆ అమ్మాయి మళ్లీ ధాన్యం దగ్గరికి వెళ్లిపోయింది. తరగతి గదిలో చేయి ఎత్తిన పిల్లలను కూర్చోమన్న గొంతుతోనే ఆనాడు నేను మాట్లాడాను.

ఇది జరిగిన కొద్ది వారాలకు, దేశమంతటా ఈ యంత్రాల అమ్మకాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. పత్రికలో చదివిన రోజునే నా విద్యార్థికి ఫోను చేశాను. వాడు అప్పటికే సరుకు తీసేశానన్నాడు. చట్టం చట్టమే. ఆ ఆదివారం నేను ట్యాంకు కడగడానికి కాక, ఇక వాడవద్దని చెప్పడానికి వెళ్లాను. దారిపొడుగునా దిగులుపడ్డాను, ఇంత కష్టపడి మాన్పించిన అలవాటు మళ్లీ వస్తుందేమోనని.

“అప్పా, దీన్ని సర్కారు నిషేధించింది. ఇక నువ్వు తాగకూడదు,” అన్నాను.

ఆమె చాట కింద పెట్టి, “నిజంగానా?” అంది.

“నిజంగానే.”

“అయితే ఇంక ఆదివారం ఆదివారం ఆ బుడ్డి నోట్లో ఎట్టుకోనక్కర్లేదన్నమాట! ఈ సర్కారు సల్లగుండ,” అని హాయిగా నవ్వింది.

నేను అర్థం కాక చూశాను. కోడలు ఈసారి నన్ను అడగలేదు. దూలం సందులోంచి రేకుడబ్బా తీసి నా ముందు పెట్టి మూత తీసింది. నిండా చుట్టలు.

“మూడో నెలకే మళ్లీ ఎత్తుకున్నాది మావయ్యా. రోజూ తాగతన్నాది. మీరొచ్చే ముందర పుక్కిలించి, ఆ బుడ్డి నాలుగుసార్లు పీల్చి ఎట్టేస్తాది. సెప్పొద్దని నా మీద ఒట్టేయించుకున్నాది.”

“ఒసే, నీ నోరు పడ!” అంది అప్ప. కాని కోపంగా అనలేదు.

తెల్లని దూదికి కారణం నాకు అప్పుడు తెలిసింది. వాడని కాయిల్ మాడదు. ఆ వెనుకనే రెండవ సంగతి తట్టింది. మంట యంత్రానిది కాకపోతే మరి దేనిది?

“అప్పా, నోరు తెరువు,” అన్నాను.

చిన్నప్పుడు ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆమె నాట్లు వేస్తుంటే గట్టుమీద కూర్చుని, నోరు తెరువప్పా అని ఏడిపించేవాడిని. ఆమె వంగి నోరు తెరిచేది. లోపల చీకట్లో ఎర్రగా నిప్పు కనిపించేది. అంతకన్న వింతైన వస్తువు ఆ వయసులో నాకు మరొకటి లేదు. పెద్దవాడినయ్యాక, డాక్టరు చెప్పిన తరువాత కూడా, ఆ నోటిలోకి ఒక్కసారి చూడలేదు.

ఆమె నోరు తెరిచింది. కాయిల్ చూడడానికి తెచ్చుకున్న చిన్న టార్చి వేశాను. అంగిలి మధ్యలో పుండు. అంచులు ఎత్తుగా, లోపల గుంటగా, పావలాబిళ్లంత. దానిని గుర్తించడానికి నా చదువు అవసరం లేదు.

“ఎన్నాళ్లనుంచి?”

“సెప్పినాను కదరా, మండతన్నాదని. మూడుసార్లు సెప్పినాను.”

“చుట్ట తాగుతున్నానని ఎందుకు చెప్పలేదు?”

 ఆమె చాట తీసి ఒడిలో పెట్టుకుని, నావైపు చూడకుండా అంది.

“బుడ్డి పనికిరాలేదని సెప్తే నువ్వు కోప్పడి ఎల్లిపోతావు. మళ్లీ ఎవుల పెళ్లికో వస్తావు. ఇదైతే ఆదివారం ఆదివారం వస్తన్నావు, కూకుంటన్నావు, తింటన్నావు. బుడ్డి లేపోతే నీకు ఈ ఇంట్లో పనేటున్నాదిరా?”

టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నాను. 

మర్నాడే బయలుదేరాము. శిబిరానికి వచ్చిన డాక్టరు విజయనగరంలో చూసి, ఏమీ అనకుండా విశాఖపట్నానికి ఉత్తరం రాసి ఇచ్చింది. ఆమె నన్ను మందలించి ఉంటే నాకు కొంత ఊరట కలిగేది. రైలులో కొత్తవలస దగ్గర బండి ఆగినప్పుడు అప్ప కిటికీలోంచి జామకాయలు చూసి కొనమంది. కొన్నాను. కొరకలేకపోయింది. వాసన చూసి ఒడిలో పెట్టుకుంది.

ఆపరేషనులో అంగిలి నడిమిభాగం తీసివేశారు. నోటికీ ముక్కుకూ మధ్య అడ్డు లేకపోయింది. ఆ రంధ్రాన్ని మూయడానికి కట్టుడుపళ్లలాంటి ఒక పలక చేసి ఇచ్చారు. అది లేకుండా నీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చేవి. మాట గాలిలో కలిసిపోయేది. పలకను రోజూ తీసి కడిగి, మెత్తని బ్రష్షుతో తోమి, మళ్లీ అమర్చాలి. నేను బొబ్బిలి ఇంటికి తాళం వేసి ఆమె ఊరిలోనే ఉండిపోయాను. మొదటి రోజు కోడలు పలక తీసుకోబోతే అప్ప చేయి అడ్డుపెట్టి నావైపు చూపించింది.

“ఆడికియ్యి. ఆడికి కడగడం బాగా వొచ్చు,” అంది. మాట ముక్కులోంచి వచ్చినా ఎగతాళి స్పష్టంగానే వినిపించింది. కోడలు పెదవి కొరుక్కుంది. నేను పలక తీసుకుని నూతి దగ్గరికి వెళ్లి, నీళ్ల చప్పుడు బాగా వచ్చేటట్టు తోడుకున్నాను.

ఎనిమిది నెలలు అలా గడిచాయి. పూటపూటకూ కడిగాను. ఆ పని చేసినన్నాళ్లూ ఆమె నోటిలోకి రోజుకు రెండుసార్లు చూశాను. చూడవలసిన కాలం దాటిన తరువాత. కబుర్లు చెప్పేది, నేను పూర్తిగా వినేవాడిని, కాని సగం మాటలు నాకు అర్థమయ్యేవి కావు. మళ్లీ చెప్పమంటే విసుక్కునేది. “ఇన్నాళ్లూ బాగా సెప్తే ఇన్లేదు, ఇప్పుడు ఇంటావేటి,” అని ఒకనాడు అన్నది. అది నాకు అర్థమైంది. తరువాత జబ్బు మెడలోకి దిగింది. ఆఖరి నెలలో పలక పెట్టడం కుదరలేదు. ఊరిలో ఉబాలు, అంటే వరినాట్లు, మొదలైన వారంలో, కోడలు పొలంనుంచి వచ్చి ఒంటిమీది బురద కడుక్కుంటుండగా, మధ్యాహ్నం పూట అప్ప పోయింది. నేను పక్కనే ఉన్నాను.  ఆమె నా వేలు పట్టుకుని ఉంది.

ఆ యంత్రం ఆమెను చంపలేదు. మొదటి రెండు నెలల తరువాత దానిని ఆమె నాకోసం తప్ప పీల్చలేదు. తమ్ముడు చేయవలసినదంతా చేశాడనేది కూడా నిజం కాదు. డాక్టరు రెండు పనులు చెబితే, మొదటిదానిని యంత్రానికి అప్పగించి, రెండవదానిని చేశాననుకున్నాను. గాజును పరీక్షించడమే నోటిని పరీక్షించడమని నన్ను నేను నమ్మించుకున్నాను. ముప్పయ్యేళ్లు పరిశీలన, అనుమితి, నిర్ధారణ అని పిల్లలకు బోధించిన మనిషి చేసిన తప్పు ఇది.

ఇందులో దోషాలు ఉండవచ్చు. ట్యాంకు గురించి నేను రాసిన పద్ధతిలో పొరపాటుంటే తెలిసినవారు దిద్దాలి. అప్ప మాటలను ఆమె పలికినట్టే రాయాలని ప్రయత్నించాను. మా ఊరివారు చదివి, ఆమె అలా అనదు అనిపిస్తే చెప్పాలి. కాని నేను ముఖ్యంగా కోరేది వైద్యులను, ఇటువంటి నోళ్లను చూసినవారిని. నోరు మండుతోందని ఆమె మొదటిసారి అన్న ఆదివారమే తీసుకువెళ్లి ఉంటే బతికేదా? రెండవసారి? మూడవసారికైనా అవకాశం ఉండేదా? విశాఖపట్నంలో అడిగాను. ఇప్పుడు ఆ ప్రశ్న ఎందుకు మేష్టారూ అన్నారు. నా అంచనా ప్రకారం మొదటి ఆదివారానికి ఉండేది. ఆ అంచనా తప్పయితే, ఎంత తప్పో, ఎటువైపు తప్పో, నా వయసును చూసి మొహమాటపడకుండా దయచేసి దిద్దండి.